మందు గ్లాసు ఏ మందుది? చిన్న గాజు గ్లాసులు సేకరించేవారికి

వారానికి ఒకటైనా ఇలాంటి ఫొటో వస్తుంది. అరచేతిలో బొటనవేలంత గాజు గ్లాసు, కింద అవే ప్రశ్నలు: "మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిందండీ. బ్రాందీ గ్లాసేనా? ఎన్నేళ్ల నాటిది? ఎంత పలుకుతుంది?" ఒకసారి అమలాపురం నుంచి, ఒకసారి నరసాపురం నుంచి, మొన్న మండపేట నుంచి. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే ఓపిక తగ్గింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో 'మందు గ్లాసు' అన్న మాటే మొదటి తిరకాసు. ఏ మందు? నా దగ్గరకు వచ్చే ఫొటోల్లో చాలావాటికి విస్కీతోనూ బ్రాందీతోనూ సంబంధమే లేదు. కొన్ని ఆసుపత్రి ఔన్సు గ్లాసులు. కొన్ని చర్చిలో ద్రాక్షరసం ఇచ్చేవి. కొన్ని కువైట్ నుంచి వచ్చిన టీ గ్లాసులు. ఆకారం చూసి పేరు పెడితే పదిసార్లకు ఆరుసార్లు బోల్తా పడతారు, నేనూ పడ్డాను. గ్లాసును కొలిచి, తూచి, ఆ తర్వాత పేరు పెట్టండి. కింద చెప్పేదంతా ఆ పని గురించే.

ముందు కాస్త చరిత్ర

మన డెల్టాలో కల్లు ముంతలోనో, తాటాకు దొప్పలోనో తాగారు. అరచేతిలో ఇమిడే గాజు గ్లాసు ఇక్కడికి బయటి నుంచి వచ్చిన వస్తువు. కాకినాడ ఓడరేవు ఒక దారి. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న యానాం ఇంకొక దారి. దొరల బంగళాలు ఖాళీ చేసినప్పుడు జరిగిన వేలం పాటలు, రంగూన్ వెళ్లి వచ్చినవారి పెట్టెలు మరికొన్ని. పాలకొల్లు, జగన్నాథపురంలో డచ్చివారు వ్యాపారం చేశారు కనుక ప్రతి పాత గ్లాసునూ 'డచ్చి గ్లాసు' అనేయడం మన వైపు అలవాటు. 1824 ఒప్పందం తర్వాత, 1825లో డచ్చివారు ఇక్కడి స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. అప్పటి గాజు మన వరదలనూ తుఫాన్లనూ తట్టుకుని మీ అటక మీద కూర్చుని ఉండే అవకాశం తక్కువ.

ఇంగ్లండులో జార్జ్ రావెన్‌స్క్రాఫ్ట్ 1674లో కొత్త గాజుకు పేటెంటు పొందాడు. తర్వాత కొద్ది ఏళ్లలోనే సీసం కలిపిన గాజు స్థిరపడింది. బరువు, మెరుపు, గంటలాంటి మోత దాని గుణాలు. 1745లో గాజు మీద బరువును బట్టి పన్ను వేసే చట్టం రావడంతో గ్లాసులు చిక్కి చిన్నవయ్యాయి. ఆ పన్ను ఐర్లండుకు 1825 దాకా లేదు. అందుకే అక్కడ బరువైన చెక్కుడు గాజు పెరిగింది. ఇంగ్లండులో పన్ను 1845లో ఎత్తేశారు. ఆ కాలపు చిన్న గ్లాసుల్లో రెండు రకాలు నాకు మహా ఇష్టం. ఒకటి ఫైరింగ్ గ్లాసు: అడుగు మందంగా, దిమ్మలా ఉంటుంది. ఫ్రీమేసన్లనే సోదర సంఘంవారి విందుల్లో అందరూ ఒకేసారి బల్ల మీద కొడితే తుపాకులు పేలినట్టు మోగేదట. రెండోది విందులో అందరి ఆరోగ్యం కోరుతూ గ్లాసెత్తించే పెద్దమనిషిది. బయటికి అందరి గ్లాసులాగే కనిపిస్తుంది, లోపల గాజే ఎక్కువ, పానీయం తక్కువ. అందరికీ ఎక్కినా ఆయనకు ఎక్కకూడదు కదా.

అమెరికాలో 1880ల నుంచి 1920 జనవరిలో మద్యనిషేధం అమలయ్యే దాకా విస్కీ కంపెనీలు తమ పేర్లు తెల్లగా చెక్కించిన పలుచని చిన్న గ్లాసులు పంచిపెట్టాయి. 1933 డిసెంబరులో నిషేధం ఎత్తివేశాక అడుగు మందమైన షాట్ గ్లాసు రాజ్యమేలింది. పలుచనివి అక్కడి సేకర్తలకు ప్రాణం. మన సంతలో అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

కావలసినవి

- 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా. వంటింటి కాటా ఒక గ్రాము తేడా చూపిస్తుంది, చిన్న గ్లాసుకు అది చాలదు.
- రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పాత తువ్వాలు. స్టీలు గిన్నె, గ్రానైటు గట్టు వద్దు.
- సన్నని నైలాన్ దారం. గాలాలు అమ్మే కొట్లో దొరుకుతుంది.
- దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి. 365 నానోమీటర్లదైతే మంచిది, 395ది చౌక.
- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం.
- తాగునీటి డబ్బా నీళ్లు లేదా వాన నీళ్లు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆరగానే గాజు మీద తెల్లటి మరకలు మిగులుతాయి.
- పెన్సిలు, గళ్ల నోటుపుస్తకం.

1. అడగడం

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. నేను మొదట్లో నేరుగా "మీ ఇంట్లో పాత మందు గ్లాసులు ఉన్నాయా మామ్మగారూ?" అని అడిగేవాణ్ణి. "మా ఇంటావంటా లేదు నాయనా!" అని తలుపు దగ్గరికి వేసేవారు. తప్పు నాదే. మద్రాసు రాష్ట్రమంతా 1948 నాటికి మద్యనిషేధం కిందికి వచ్చింది. మళ్లీ 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండోది 1997 దాకా సాగింది. అప్పుడంతా యానాం వైపు వెళ్లే బస్సులు ఎందుకు కిటకిటలాడాయో మన పెద్దలకు తెలుసు. అలాంటి చోట చిన్న గ్లాసు ఉన్నదని ఒప్పుకోవడం అంటే తాతగారి పరువు తీయడమే.

ఇలా అడగండి: "ఆముదం కొలవడానికో, దేవుడి దగ్గర దీపానికో వాడిన చిన్న గాజు గ్లాసులు ఏమైనా ఉన్నాయా అండీ?" ఆ మాటకు అటక మీది పెట్టె దిగుతుంది. ఆ పని దానికి తర్వాత వచ్చిందో ముందే ఉందో తర్వాత తేల్చుకోవచ్చు.

వెతకడానికి మంచి చోటు మండువా లోగిలి కూల్చే ఇల్లు. కలప వ్యాపారి స్తంభాలు, ద్వారబంధాలు బేరమాడతాడు. గాజు సామాను గోనెసంచిలో మూల పడి ఉంటుంది. ఇంటివారి అనుమతితోనే తీసుకోండి, డబ్బు ఇచ్చి తీసుకోండి. పాత ఇనుము కొట్లలో అప్పుడప్పుడు దొరుకుతాయి. పాత శ్మశానాల్లో, కోట దిబ్బల మీద, కాలవ గట్లలో తవ్వకండి. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

2. కడగడం

వరద ఒండ్రు పట్టిన గ్లాసును పొడి గుడ్డతో తుడవకండి. ఒండ్రులో ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. ప్లాస్టిక్ డబ్బాలో తువ్వాలు పరిచి, గది వేడి ఉన్న నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. వేడినీళ్లు వద్దు. బంగారు గీత ఉన్నవాటికి సబ్బు నురుగు తప్ప ఏదీ వద్దు, కుంకుడు పులుసు కూడా.

తెల్లటి మసక పోకపోతే సాదా గ్లాసు మీద నిమ్మరసం పది నిమిషాలు ఉంచండి. పోయిందంటే అది నీళ్ల మరక. పోలేదంటే గాజుకే జబ్బు చేసిందన్నమాట. తేమ ఏళ్ల తరబడి గాజులోని క్షారాన్ని లాగేసి పైపొరను తినేసింది. దానికి ఇంటి వైద్యం లేదు. కొబ్బరినూనె రాసి మెరిపించి అమ్మేవాళ్లున్నారు. గ్లాసు వేలికి జిడ్డుగా తగిలితే సబ్బు నీళ్లతో కడిగి మళ్లీ చూడనివ్వమని అడగండి.

3. అంచు, అడుగు చూడటం

గ్లాసును కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని తిప్పండి. పక్కన నిలువుగా సన్నని గీత కనిపిస్తే అది అచ్చు అతుకు. నొక్కి చేసిన గాజు 1820ల నుంచి ఉంది, కాబట్టి అతుకు ఉన్నంత మాత్రాన కొత్తది కాదు. అడుగున మధ్యలో గరుకు మచ్చ గానీ, దాన్ని అరగదీసిన నున్నని గుంట గానీ ఉంటే చేత్తో చేసినది కావచ్చు. ఇనుప కడ్డీకి అంటించి పట్టుకుని, పని అయ్యాక విరిచిన గుర్తు అది. ఈ పద్ధతిలో ఇవాళ కూడా చేస్తున్నారు. అందుకే మచ్చ ఉంటే పాతది అనకండి, చేతిపని అనండి.

అంచును వేలితో నెమ్మదిగా తడమండి. నిప్పుతో కరిగించిన అంచు గుండ్రంగా, కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బల్లపరుపుగా, అంచు పదునుగా ఉంటే పెచ్చు ఊడినదాన్ని అరగదీసి ఉంటారు. జతలో మిగతావాటి పక్కన నిలబెడితే ఒక నూలు పొట్టిగా కనబడుతుంది.

అరుగుదల నిజమైనదో కాదో చూడటానికి ఒక చిట్కా. కాగితం మీద పెన్సిలు ముక్కుతో నల్లగా రుద్ది, దాని మీద గ్లాసు అడుగును ఒకసారి తిప్పండి. నలుపు అంటిన వలయమే గ్లాసు బల్లకు తగిలే చోటు. గీతలు ఆ వలయంలోనే, అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉండాలి. వలయం దాటి లోపలి గుంటలో కూడా ఒకే దిక్కున గీతలు ఉంటే అది గరుకు కాగితం పని. ఈస్టిండియా కంపెనీ ముద్ర ఉన్న గ్లాసొకటి ఇలాగే నా చేత కొనిపించారు. ఆ రాత్రి పెన్సిలు పరీక్ష చేశాక నిద్ర పట్టలేదు. ఇప్పుడది నా బల్ల మీద గుండుసూదులు మోస్తోంది.

4. నిండు కొలత

పొడి గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. నీళ్లు అంచు మీద ఉబ్బి నిలబడకూడదు. సమంగా ఉండాలి. చివరి చుక్కలకు ఇంకు ఫిల్లరు లేదా సూది లేని సిరంజి వాడండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. మన ఎండల్లో ఉండే తేడా లెక్కలోకి రానంత చిన్నది. మూడుసార్లు కొలిచి నడిమి అంకె రాసుకోండి. గ్లాసు మీద గీత ఉంటే గీత దాకా విడిగా, అంచు దాకా విడిగా కొలవాలి.

ఇప్పుడు ఆ అంకె ఏం చెబుతుందో చూద్దాం.

20 మి.లీ. లోపు, కాడ లేకుండా, అడుగు కాస్త మందంగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు డజన్ల కొద్దీ దొరికితే చర్చిని గుర్తు చేసుకోండి. ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధనలో ఒక్కొక్కరికి ఒక్కో గ్లాసు ఇచ్చే పద్ధతి 1890లలో అమెరికా ప్రొటెస్టెంటు చర్చిల్లో మొదలైంది. ఒకే గిన్నెలో అందరూ తాగితే రోగాలు అంటుతాయన్న భయం దానికి కారణం. కాకినాడలో కెనడా బాప్టిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు పనిచేసిన ప్రాంతం మనది. ఆ గ్లాసును సారా గ్లాసు అని పాస్టరుగారి ఇంట్లో అన్న పెద్దమనిషిని నేనెరుగుదును. ఆయనకు ఆ రోజు కాఫీ దక్కలేదు.

28 మి.లీ. చుట్టుపక్కల వస్తే బ్రిటిష్ ఔన్సు. సరిగ్గా 28.4. దాని పక్కన మెట్టుమెట్టుగా గీతలు ఉంటే అది వైద్యుడి ఔన్సు గ్లాసు. చాలామంది దొర్లేది ఇక్కడే. గీతల పక్కన తోకపొడుగు 3 లాంటి గుర్తు కనిపిస్తుంది. "మూడో నంబరు గ్లాసండీ" అని రాస్తారు. అది మూడు కాదు, డ్రాము అనే మందుల తూకానికి పాత గుర్తు. ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. ఈ గ్లాసులూ సేకరించదగ్గవే, నాకు ఇష్టమైనవే. కానీ వేరే అరలో పెట్టండి.

30, 60 మన పెగ్గు లెక్కలు, చిన్నదీ పెద్దదీ. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి విడతలుగా వచ్చి 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. కాబట్టి 30 మి.లీ. గీత అచ్చుగా ఉన్న మన దేశపు గ్లాసు 1958కి ముందుది అయ్యే అవకాశం తక్కువ. ఇంత సులువుగా కాలం చెప్పే ఆధారం ఇంకొకటి లేదు.

గీత దగ్గర 2 లేదా 4 అంకె, పక్కన సెంటీలీటరు గుర్తు ఉంటే యూరపు వైపు చూడండి. జర్మనీ బార్లలో 20, 40 మి.లీ. వాడుక. గీత దాకా ఖచ్చితంగా వస్తుంది, అంచు దాకా ఎంతైనా ఉండవచ్చు. 44 వస్తే అమెరికా షాటు, ఒకటిన్నర ఔన్సు. బ్రిటిష్ బార్లలో పాతవి గిల్లు అనే పాత కొలతలో ఆరో వంతు, నాలుగో వంతు. అంటే 23.7, 35.5 మి.లీ. అక్కడ 1995 నుంచి 25, 35 మి.లీ. అయ్యాయి.

80 దాటి, నడుము సన్నగా ఉండి, చిన్న సాసరు కూడా దొరికితే అది గల్ఫ్ టీ గ్లాసు. అరబ్బులు ఇస్తికాన అంటారు. కోనసీమలో కువైట్, మస్కట్ వెళ్లి వచ్చిన ఇల్లు లేని వీధి ఉండదు. కువైట్‌లో మద్యం అమ్మకమే నిషేధం. అక్కడి నుంచి వచ్చిన గ్లాసును విస్కీ గ్లాసనడం పాపం, తెచ్చిన ఆవిడకు అవమానం.

ఒక హెచ్చరిక: తాగే గ్లాసును అంచు దాకా పోయరు కనుక నిండు కొలత పోసే కొలత కంటే ఎక్కువగానే ఉంటుంది. డచ్చివారు జెనీవర్ అనే మద్యం తాగే గ్లాసు మాత్రం దీనికి మినహాయింపు. తులిప్ మొగ్గలా ఉండే ఆ గ్లాసును పొంగేదాకా నింపి, మొదటి గుక్కను చేతులు పెట్టకుండా వంగి తాగడం వాళ్ల ఆచారం. గీత లేని గ్లాసు విషయంలో నిండు కొలత ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకండి.

5. సీసం గాజా, మామూలు గాజా?

వేలితో కొట్టి 'టింగ్' మన్నదని క్రిస్టల్, అంటే సీసం గాజు, అనేస్తారు. పలుచని ఏ గ్లాసైనా మోగుతుంది. మందమైన నిజం క్రిస్టల్ మూగగా ఉండవచ్చు. మోతను కాదు, సాంద్రతను నమ్మండి. ఇంటర్మీడియట్‌లో ఆర్కిమెడీస్ సూత్రం చదివి మరిచిపోయినవారికి ఇదొక రెండో అవకాశం.

ముందు పొడి గ్లాసు బరువు రాసుకోండి. నీళ్లున్న ప్లాస్టిక్ డబ్బాను కాటా మీద పెట్టి సున్నా చేయండి. గ్లాసుకు దారం కట్టి, పక్కకు వంచి, లోపలి గాలి అంతా పోయేలా నెమ్మదిగా ముంచండి. అడుగుకు గానీ గోడలకు గానీ తగలకూడదు. దారం మీ చేతిలోనే ఉండాలి. ఇప్పుడు కాటా చూపే గ్రాములే గాజు ఘనపరిమాణం. పొడి బరువును దానితో భాగించండి.

నా దగ్గరి రెండు గ్లాసుల లెక్క చూడండి. మొదటిది 84 గ్రాములు, నీళ్లలో 33.5 చూపింది. 84ను 33.5తో భాగిస్తే 2.51. మామూలు సోడా గాజు. రెండోది 118, నీళ్లలో 39. అంటే 3.03. సీసం గాజు. 2.2 దగ్గర వస్తే ప్రయోగశాలలో వాడే వేడి తట్టుకునే గాజు. 2.6, 2.7 వస్తే కంగారు పడకండి, సీసం లేకుండా చేసే కొత్త క్రిస్టల్ అలాగే ఉంటుంది. యూరపులో 24 శాతం సీసపు ఆక్సైడు ఉంటేనే సీసపు క్రిస్టల్ అనాలని 1969లో నియమం పెట్టారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, లోపల గాలి బుడగ మిగిలితే సాంద్రత తక్కువగా కనిపిస్తుంది. అడుగు డబ్బాకు తగిలితే గ్లాసు బరువు కూడా కాటా మీద పడి, అంకె అమాంతం పెరుగుతుంది, సాంద్రత మరీ తక్కువగా వస్తుంది. లెక్కలో 2 కంటే తక్కువ వచ్చిందంటే గాజు తప్పు కాదు, మీ చెయ్యి తప్పు. మళ్లీ చేయండి. చేతిలో వంటింటి కాటాయే ఉంటే, ఒకే రకం గ్లాసులు మూడింటిని ఒకే దారానికి కట్టి కలిపి తూచండి. తేడా మూడో వంతుకు తగ్గుతుంది. కాకపోతే ఒకదానికొకటి కొట్టుకోకుండా చూసుకోండి.

ఈ ఘనపరిమాణపు అంకెను ఊరికే వదిలేయకండి. దాన్ని నాలుగో మెట్టులోని నిండు కొలత పక్కన పెట్టండి. గాజు 60, పట్టేది 25 అయితే మీ చేతిలో ఉన్నది మోసపు గ్లాసు, విందు పెద్దమనిషి గ్లాసుకు చిన్నతమ్ముడు. ఇప్పటి బార్లలో కూడా ఆ తమ్ముళ్లు చాలామంది ఉన్నారు.

సీసం గాజు అని తేలితే దానిలో ఏదీ నిలవ ఉంచకండి. పులుపు, మద్యం సీసాన్ని లాగుతాయి. రంగు పూతలున్న పాత గ్లాసుల్లో పిల్లలకు మజ్జిగ పోయకండి.

6. టార్చి

చీకటి గదిలో చూడండి, పగలు ఏమీ తెలియదు. ఆకుపచ్చగా కణకణలాడితే యురేనియం కలిపిన గాజు. బొహీమియాలో రీడెల్ కుటుంబం 1830లలో దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది. అలమరలో ఉంచుకుంటే ప్రమాదం లేదు, తాగడానికి మాత్రం వాడకండి. లేత ఆకుపచ్చ మసకగా వస్తే మాంగనీసు. దాన్ని యురేనియం అని అమ్మేవారు ఉన్నారు. చౌక టార్చి ఊదా వెలుగు కంటిని మోసం చేస్తుంది కనుక గ్లాసు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి పోల్చండి.

7. అడుగు మీది అక్షరాలు

త్వరగా చెప్పేస్తాను. చెకోస్లొవేకియా అని ఉంటే 1918 తర్వాతది, 1992 లోపుది. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. ఆక్రమిత జపాన్ అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1952 దాకా. ఇంగ్లీషులో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే 1884 తర్వాతది. దేశం పేరు లేదంటే పాతదని అర్థం కాదు. కాగితపు చీటీ ఊడిపోయి ఉండవచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన ఊరి పేర్ల గ్లాసులూ ఇప్పుడు మన అలమరల్లో కొల్లలు. నయాగరా బొమ్మ ఉన్నదాంట్లో అమ్మగారు కర్పూరం బిళ్లలు వేసుకుంటారు. వాటిని తక్కువగా చూడకండి. ఎవరు, ఏ సంవత్సరం తెచ్చారో రాసి పెట్టండి. విశాఖ ఉక్కు కర్మాగారంలో సోవియట్ నిపుణులతో కలిసి పనిచేసిన ఒకాయన దగ్గర నాకు ఆరు చెక్కుడు గ్లాసులు దొరికాయి. వాటి విలువలో సగం ఆయన చెప్పిన వోద్కా కబుర్లే.

8. పగుళ్లు

దీపం పెట్టిన గ్లాసులో వేడికి వెంట్రుకలాంటి పగులు పడుతుంది. వెలుగుకు పట్టి తిప్పితే ఒక కోణంలో వెండిలా మెరుస్తుంది. గీతైతే గోరు తగులుతుంది, పగులైతే తగలకపోవచ్చు. అనుమానమొస్తే నీళ్లు పోసి, కాగితం మీద గంట ఉంచండి. కాగితం తడిసిందా చూడండి. జిగురుతో అతికించినదైతే టార్చి కింద చాలాసార్లు అతుకు నీలంగా వెలుగుతుంది.

9. ధర

దీని గురించే ఎక్కువమంది అడుగుతారు, దీని గురించే తక్కువ చెబుతాను. మన ఊళ్లలో దొరికే చిన్న గ్లాసుల్లో చాలావరకు కాఫీ ఖర్చు పాటివే. ఇంటర్నెట్‌లో అమ్మేవారు అడిగే ధర ధర కాదు. అమ్ముడైన ధరలు మాత్రమే చూడండి. మొదటి ఏడాది ఒక్కో గ్లాసుకు రెండు వందలు మించి పెట్టకండి. జత పూర్తిగా ఉంటే, ఎవరింటిదో తెలిస్తే కాస్త ఎక్కువ ఇవ్వవచ్చు. "డచ్చి కాలం" అన్న మాట వినబడితే ధర తగ్గించమని అడగండి.

10. దాచడం

బోర్లించి పెట్టకండి. అంచు బలహీనమైనది, పైగా లోపల తేమ చిక్కుకుంటుంది. పాత న్యూస్‌పేపరులో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టడం మన ఇళ్ల అలవాటు, గాజుకు జబ్బు చేయడానికి అంతకంటే మంచి మార్గం లేదు. అద్దాల తలుపుల అలమరలో, ఒకదానికొకటి తగలకుండా, నిలువుగా పెట్టండి. వానాకాలంలో వారానికి ఒకసారి తలుపులు తెరవండి. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లయితే అడుగున ఆవగింజంత తేనెమైనం అంటించండి, కదలవు. లంక గ్రామాలవారు కింది అరను ఖాళీగా వదలండి. 1986 ఆగస్టు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఇంట్లో పెద్దలను అడిగి, ఆ పైన పెట్టండి.

చీటీలు గాజుకు అంటించవద్దు. టేపు బంగారు గీతను ఊడదీస్తుంది. కాడకు నూలు దారంతో చిన్న అట్టముక్క కట్టండి, కాడ లేనిదైతే లోపల వేయండి. దాని మీద నంబరు మాత్రమే రాసి, వివరాలు నోటుపుస్తకంలో పెన్సిలుతో రాయండి.

విదేశాల్లో ఉన్న బంధువులకు పంపాలనుకునేవారు ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువు పురావస్తువు కావచ్చు. దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. అనుమానం ఉంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకున్నాకే పార్శిల్ కట్టండి.

నాకు ఫొటో పంపేటప్పుడు

పక్క నుంచి ఒకటి, అడుగుది ఒకటి, అంచుది ఒకటి, మొత్తం మూడు ఫొటోలు. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. కింద ఈ వివరాలు రాయండి: ఎత్తు, పొడి బరువు, నిండు కొలత, గీత ఉంటే గీత దాకా కొలత, సాంద్రత, టార్చి కింద రంగు, ఏ ఊరి ఇంట్లో దొరికింది, ఆ ఇంట్లో దేనికి వాడేవారు. చివరిది మరవద్దు. మామ్మగారు దాన్ని ఆముదం గ్లాసు అంటే ఆముదం గ్లాసనే రాయండి, మీరు ఊహించుకున్నది పక్కన వేరే గడిలో రాసుకోండి. ఈ వివరాలన్నీ పూర్తయితే చాలామందికి జవాబు మీ దగ్గరే దొరుకుతుంది. అయినా తేలకపోతే పంపండి, ఆదివారం మధ్యాహ్నాలు నేను ఆ పని మీదే కూర్చుంటాను.